ఎడమ చెవిలో ఫైవ్, కుడి చెవిలో నైన్

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మంగళవారం పొద్దుటికి కూడా అక్కడి ఫోన్లు చాలావరకు మూగబోయే ఉన్నాయి. కాకినాడలో మా డాబా మీది గదిలో, కారు బ్యాటరీకి తగిలించిన రెండు రిసీవర్ల ముందు కూర్చుని, నలభై మీటర్ల బ్యాండులో విశాఖ హ్యామ్ (నాలాగే సరదాకి రేడియో నడిపేవాడు) ఒకాయన చదువుతున్న జాబితా రాసుకుంటున్నాను. ఫలానా వాళ్ళు క్షేమం, ఈ కబురు ఫలానా నంబరుకి చెప్పండి. ప్రతి వరసా ఇంతే. కానీ ఒక్కో వరస వెనక ఒక్కో ఇంట్లో రెండు రోజులుగా అన్నం సహించక కూర్చున్న మనుషులుంటారని రాసేవాడికి తెలుసు.

ఒక నంబరులో ఏడో అంకె దగ్గరికి వచ్చేసరికి ఎడమ చెవిలో ‘ఫైవ్’ అని వినబడింది. కుడి చెవిలో ‘నైన్’ అని వినబడింది. మాట్లాడింది ఒకే మనిషి, ఒకే నోటితో, ఒకే క్షణంలో.

ఈ రెండు అంకెలతో రేడియోవాళ్ళకి ఎప్పటినుంచో తంటానే. రెంటిలోనూ మధ్య అచ్చు ఒకటే, తేడా అంతా హల్లుల్లో ఉంది. సిగ్నల్ సన్నగిల్లితే ముందుగా కొట్టుకుపోయేవి హల్లులే. అందుకే జాగ్రత్తపరులు తొమ్మిదిని ‘నైనర్’ అని పలుకుతారు. రెండు రాత్రులు నిద్రలేని మనిషికి ఆ జాగ్రత్త ఎక్కడ గుర్తుంటుంది? నా పెన్ను ఆగింది. మైకు నొక్కి ఆ అంకె మళ్ళీ చెప్పమన్నాను. ‘నైనర్’ అన్నాడాయన, నిదానంగా, రెండుసార్లు. రాసుకున్నాను. గంట తర్వాత ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ ఎత్తింది. నేను వాక్యం పూర్తి చేసేలోపే ఫోను పక్కనెక్కడో పెట్టేసి ఇంట్లోవాళ్ళని పేరు పేరునా పిలవడం వినబడింది.

ఆ రోజు పెన్ను ఆగింది. అంతకు పద్ధెనిమిదేళ్ళ ముందు ఒకసారి ఆగలేదు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమని ఏం చేసిందో మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. పడిపోయిన కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్న దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందు ఆడుతుంది. అప్పుడు నా దగ్గర ఉన్నది ఒక్క రిసీవరు, ఒక్క ఏరియల్. లంకల వైపు వెళ్ళిన బృందం ఒకటి ఏ ఊరికి తాగునీళ్ళు కావాలో రేడియోలో చెబుతోంది. ఒక ఊరి పేరు చెబుతుండగా సిగ్నల్ మునిగిపోయి మళ్ళీ తేలింది. తేలేసరికి చెవికి దక్కింది చివరి ‘పాలెం’ మాత్రమే. మా తీరంలో పాలేలకి కొదవేముంది? నేను మాత్రం పూర్తి పేరు రాసేశాను. ఊహించి రాసి ఉంటే ఈపాటికి నన్ను నేను క్షమించుకునేవాణ్ణేమో. ఊహిస్తున్నానని నాకు తెలియదు. విన్నాననే అనుకున్నాను. అంతకు ముందు గంటలో ఒక పాలెం పేరు మూడుసార్లు విని ఉన్నాను, ఆ పేరే చెవిలో మోగింది. నీళ్ళ డ్రమ్ముల లారీ ఒక ఊరికి బదులు ఇంకో ఊరికి వెళ్ళింది. సాయంత్రానికి అందాల్సిన నీళ్ళు మర్నాటి పొద్దుటికి అందాయి. చుట్టూ ఉప్పునీళ్ళు నిలిచిన ఊళ్ళో పిల్లలు ఆ రాత్రి గొంతు తడుపుకోవడానికి కాచుకుని ఉన్నారు. తప్పు నాది, నా ఒక్కడిదే.

నాన్నగారికి అప్పటికి ఎనభై దాటాయి. సంస్కృత పాఠశాలలో తర్కం చెప్పి విరమించుకున్న మనిషి. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడన్న సంగతి చెప్పకుండా తర్కసంగ్రహం పాఠం మొదలుపెట్టేవారు కారు. జరిగింది చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను.

‘ఏరా, ఆ పేరులో నువ్వు విన్నదెంత?’ అన్నారు.

‘పాలెం అన్నది స్పష్టంగా విన్నాను నాన్నగారూ.’

‘తక్కినది?’

‘తక్కినదీ విన్నాననే అనుకున్నాను.’

‘అక్కడే ఉందిరా అతుకు’ అని, కాసేపాగి ముత్యపుచిప్ప ఎత్తుకున్నారు. దూరం నుంచి ముత్యపుచిప్ప చూసి వెండి అనుకోవడం భ్రమకి మన శాస్త్రాల్లో పాత ఉదాహరణ. అక్కడ ఏం జరిగిందన్న దాని మీద వందల ఏళ్ళు వాదించుకున్నారు. ఆ వాదంలో మీమాంసకుడు ప్రభాకరుడిది ఒక వింత పక్షం. ‘ఇది’ అన్న ముక్క కళ్ళ ముందున్నది, ‘వెండి’ అన్న ముక్క జ్ఞాపకంలోంచి వచ్చింది, రెండూ తమ తమ చోట నిజమే. రెంటికీ మధ్యనున్న తేడా తోచకపోవడమే తప్పు. దీన్నే అఖ్యాతి అంటారు. నాన్నగారు న్యాయపక్షం మనిషి, ప్రభాకరుణ్ణి ఖండిస్తూ నలభై ఏళ్ళు పాఠం చెప్పారు. ఆ రోజు మాత్రం, ‘నీ విషయంలో ఆయనే గెలిచాడు’ అన్నారు.

మా ఇంట్లో ఇది ఆషామాషీ విషయం కాదు. మాకు మతం చెవిలోంచి వచ్చింది. వేదాన్ని శ్రుతి అన్నాం, అంటే వినబడినది. తాతగారు ఘనాపాఠి. నేను వేదం పూర్తిగా చదువుకోలేదు, వాల్తేరు వెళ్ళి భౌతికశాస్త్రం చదువుకుని టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేశాను. కానీ చిన్నప్పుడు వీధి అరుగు మీద తాతగారి శిష్యులు వల్లించడం వింటూ పెరిగాను. ఘనం అనే వల్లింపులో రెండు పదాలు ముందుకి అంటారు, వెనక్కి తిప్పి అంటారు, మూడోది చేర్చి మూడూ ముందుకి, మూడూ వెనక్కి, మళ్ళీ మూడూ ముందుకి. ఒక పదం దొర్లిపోతే ఇన్ని తిప్పుళ్ళలో ఎక్కడో ఒకచోట పట్టుబడక తప్పదు. పిల్లకాయగా ఇదంతా గొంతుకి కసరత్తు అనుకున్నాను. వినడాన్ని పరమ ప్రమాణంగా పెట్టుకున్నవాళ్ళే ఒక్కసారి వినడాన్ని ఎంతమాత్రం నమ్మలేదన్న సంగతి నాకు పాలెం తప్పిపోయాకే తట్టింది. ఆ అరుగు మీదివాళ్ళు భక్తి తక్కువై అన్నిసార్లు తిప్పలేదు. ఎంత భక్తి ఉంటే అంత తిప్పారు.

రెండో రిసీవరు 1998లో చేరింది. పాతదే, తోటి హ్యామ్ ఒకాయన అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ ఇచ్చి వెళ్ళాడు.

సిగ్నల్ ఎందుకు సన్నగిల్లుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనావరణం రేడియో తరంగాన్ని కిందికి వంచుతుంది. అది చదునైన అద్దం కాదు, కదిలే నీటి ముఖం లాంటిది. ఒకే మాట రెండు మూడు దారుల్లో దిగి వస్తుంది. ఒక దారిన వచ్చిన దాని ఎత్తు మీద ఇంకో దారిన వచ్చిన దాని ఎత్తు పడితే మాట పెరుగుతుంది, పల్లం పడితే మాయమవుతుంది. దానికి తోడు భూమి అయస్కాంత క్షేత్రం ఆ తరంగాన్ని రెండుగా చీలుస్తుంది. ఆ రెండూ మళ్ళీ కలిసేసరికి తరంగం నిలువు, అడ్డం మారిపోతూ ఉంటాయి. మా వాడుకలో ఈ హెచ్చుతగ్గులన్నిటికీ కలిపి క్యూఎస్‌బీ అని పేరు. ఒక తీగ దగ్గర మాట మునిగిన క్షణంలోనే ఇంకో తీగ దగ్గర తేలి ఉండొచ్చు. అందుకని రెండు ఏరియల్స్ వేసి, రెండు రిసీవర్లతో వినడాన్ని డైవర్సిటీ రిసెప్షన్ అంటారు. అమెరికాలో లాంగ్ ఐలండ్ మీద రివర్‌హెడ్ అనే చోట ఆర్‌సీఏ కంపెనీ ఇంజనీర్లు బెవరేజ్, పీటర్సన్ మూడు ఏరియల్స్‌ని దూరదూరంగా నాటి, మూడు రిసీవర్లు పెట్టి అట్లాంటిక్ ఆవలి తంతి కబుర్లు అందుకున్నారు. దాని మీద వాళ్ళ పత్రం 1931లో వచ్చింది. 1938లో హాలిక్రాఫ్టర్స్ వాళ్ళు ఒకే పెట్టెలో రెండు రిసీవర్లు బిగించి హ్యామ్‌లకి అమ్మారు. నాది ఆ పెట్టె కాదు. చెక్కబల్ల మీద పక్కపక్కన పెట్టిన రెండు పాత సెట్లు, ఒకదాని శబ్దం హెడ్‌ఫోన్ ఎడమ డిప్పకి, రెండోదాని శబ్దం కుడి డిప్పకి.

మొదట్లో అంత దూరం కూడా వెళ్ళలేదు. రెండు ఏరియల్స్ ఉంటే రెండు రిసీవర్లెందుకని, రెండు కేబుళ్ళనీ ఒక టీ-కనెక్టరులో కలిపి ఒకే రిసీవరుకి ఇచ్చాను. సన్నగిల్లడం ఏమీ తగ్గలేదు. కొన్నిసార్లు ఇంకా లోతుగా మునిగింది. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. ఆకాశంలో రెండు దారులు కలిసి ఒకదాన్నొకటి చంపుకున్నట్టే, నా టీ-కనెక్టరులో రెండు తీగల సిగ్నళ్ళూ చంపుకుంటున్నాయి. ఒక్కో తీగలో మాట బాగానే ఉంది, కలిపిన చోట లేదు. రెంటినీ విడివిడిగా రానిచ్చి, విడివిడిగా మాటగా మార్చి, ఆ తర్వాత చెవి దగ్గర కలిపితేనే లాభం.

తర్వాతి తప్పు ఏరియల్స్ దగ్గర. అరవై ఆరు అడుగుల తీగలు రెంటినీ మా డాబా నుంచి పెరటి కొబ్బరిచెట్టుకి, పది అడుగుల ఎడంలో, పక్కపక్కన కట్టాను. రెండు చెవుల్లోనూ మాట ఒకేసారి మునిగింది, ఒకేసారి తేలింది. ఇద్దరు సాక్షులు ఒకే కిటికీలోంచి చూశామని చెబితే అది ఒక్క సాక్ష్యమే కదా. పక్కింటివాళ్ళని బతిమాలి రెండో తీగని తూర్పు పడమరలుగా వాళ్ళ మేడ పిట్టగోడకి కట్టుకున్నాక, అప్పుడు మొదటిసారి ఆ అనుభవం కలిగింది. ఆ చెవిలో మాట తగ్గుతుంటే ఈ చెవిలో పెరుగుతుంది. రెండు చెవుల్లోనూ ఉన్నంతసేపు మనిషి తల మధ్యలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది, రొద మాత్రం రెండు పక్కలా చెదిరిపోతుంది. కాసేపు వింటే అలవాటైపోయి, ఎక్కడో ఒక గొంతు అటూ ఇటూ పచార్లు చేస్తూ కబుర్లు చెబుతున్నట్టే తోస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, అది నన్ను చాలా రోజులు వేధించింది. రిసీవర్లలో ఏజీసీ అని ఒక ఏర్పాటుంటుంది. సిగ్నల్ తగ్గితే అది తనంతట తాను బలం పెంచుకుంటుంది. మాట మునిగిపోయిన రిసీవరు ఇంకా ఇంకా బలం పెంచుకుని, చివరికి ఒట్టి ఆకాశపు రొదని నా చెవిలోకి గుమ్మరించేది. ఏమీ వినబడని సెట్టే ఎక్కువ అరిచేది. వినబడుతున్న సెట్టు పాపం నెమ్మదిగా చెప్పుకుపోయేది. దీనికి పాతకాలం ఇంజనీర్లు కనిపెట్టిన మందు రెండు సెట్ల ఏజీసీ తీగల్నీ కలిపెయ్యడం. అలా కలిపితే, ఏ సెట్టుకి మాట గట్టిగా అందుతోందో ఆ సెట్టు రెండోదాని బలాన్ని కూడా తగ్గిస్తుంది. ఏమీ వినబడనిది నోరు మూసుకుని ఉంటుంది. ఇలాంటి తీగ ఒకటి నాలోనూ ఉంటే బాగుండునని, దేవుడి గురించి నాకేమీ తోచని రోజుల్లో నేను ఎంత గట్టిగా మాట్లాడానో తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

నాన్నగారు ఓపిక ఉన్న రోజుల్లో మెట్లెక్కి వచ్చి పక్కన కూర్చునేవారు. ఒకరోజు హెడ్‌ఫోన్ పెట్టించుకుని చాలాసేపు విని, తీసేసి అడిగారు. ‘మొదటిదానికి రెండోది సాక్ష్యం. సరే. రెండోదానికి సాక్ష్యం ఏదిరా?’

ఇది పాత ప్రశ్నే. శాస్త్రంలో ప్రామాణ్యవాదం అంటారు. కలిగిన జ్ఞానం తనంతట తానే ప్రమాణమా, లేక బయటి నుంచి ఇంకొకటి వచ్చి దాన్ని ప్రమాణం చెయ్యాలా? తనంతట తానే అంటారు మీమాంసకులు. దోషం బయటపడేదాకా, వేరే జ్ఞానం వచ్చి కొట్టెయ్యనంతవరకు, విన్నదాన్ని నమ్మడమే సహజం. లేకపోతే రెండోదానికి మూడోది, మూడోదానికి నాలుగోది కావాలి, దానికి అంతుండదు. దీన్ని అనవస్థ అంటారు. నాన్నగారి పక్షంవాళ్ళు, నైయాయికులు, ఒప్పుకోరు. దూరంగా నీళ్ళు కనబడ్డాయి, నిజంగా నీళ్ళేనా? వెళ్ళి దోసిట పట్టి తాగు. దాహం తీరితే అప్పుడు నీ చూపు నిజమని తెలుస్తుంది అంటారు.

‘మూడోది కొనే స్తోమత లేదు నాన్నగారూ’ అన్నాను.

‘అక్కర్లేదు. మూడు నాలుగు జ్ఞానాలకి మించి ఎవరికీ అవసరం పడదని మీమాంసకుడు కుమారిల భట్టే అన్నాడు’ అన్నారు. రివర్‌హెడ్‌లో మూడు నాటారని చెబితే ఆ సాయంత్రమంతా ఆయన ముఖంలో సంతోషం చూడాలి.

కానీ ఆయన ప్రశ్నకి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. నాకు తోచిన జవాబు హుద్‌హుద్ నాడు గానీ దొరకలేదు. అప్పటికి ఆయన వెళ్ళిపోయి పదకొండేళ్ళు. రెండో రిసీవరు మొదటిదానికి సాక్ష్యం కాదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు రెండు చెవులూ ఒకే మాట చెబుతాయి, అప్పుడు రెండోది ఉన్నట్టే గుర్తుండదు. అది నిజంగా పనికొచ్చేది పదోసారి, రెండూ వేర్వేరు చెప్పినప్పుడు. తర్కసంగ్రహం సంశయానికి చెప్పే లక్షణం అక్షరాలా అదే. ఒకే వస్తువు, దాని మీద ఒకదానికొకటి పొసగని రెండు ధర్మాలు తోచడం. చీకట్లో మోడో మనిషో అన్నట్టు, ఏడో అంకె ఫైవో నైనో. ఎడమ రిసీవరు ఒక్కటే ఉండి ఉంటే నేను ఫైవ్ అని నిశ్చింతగా రాసేవాణ్ణి. పాలెం రాసినంత నిశ్చింతగా. రెండోది నాకిచ్చింది బలమైన నమ్మకం కాదు. ఎక్కడ ఆగి అడగాలో ఆ చోటు చూపించింది, నాన్నగారు చెప్పిన అతుకు ఉన్న చోటు. అడిగాక దొరికిన ‘నైనర్’, దాని వెనక ఫోనెత్తిన ఆ పెద్దావిడ గొంతు, అవి నైయాయికుల దోసిట్లో నీళ్ళు.

సంశయాన్ని మన పెద్దలు మెచ్చుకోలేదని, నమ్మకానికి అది చెదపురుగని చిన్నప్పటినుంచి వింటూ వచ్చాను. ఎల్లకాలం అందులోనే నానేవాడికి ఆ మాట వర్తిస్తుందేమో. చోటు తెలిసిన సంశయం వేరు. వాల్తేరులో నేను చదువుకున్న విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారు, ఆయన శిష్యులు 1950లలో అయనావరణం మీద చేసిన పని ఇందుకు నాకెప్పుడూ గుర్తొస్తుంది. ఆకాశంలోకి రేడియో స్పందన పంపి, తిరిగొచ్చినదాన్ని త్రికోణంలో నాటిన మూడు ఏరియల్స్ దగ్గర పట్టేవారు. మూడు చోట్లా సన్నగిల్లుతుంది, కానీ ఒకేసారి కాదు. ఒక తీగ దగ్గర మునిగిన క్షణానికీ రెండోదాని దగ్గర మునిగిన క్షణానికీ సెకనులో చిన్న భాగం తేడా. ఆ తేడాని కొలిస్తే ఆ ఎత్తున అయనావరణం ఏ దిక్కుకి ఎంత వేగంతో కదులుతోందో లెక్క కట్టవచ్చు. మాట వినాలనుకున్నవాడికి అడ్డొచ్చిన ఆ హెచ్చుతగ్గులే వాళ్ళకి పాఠ్యం. మూడు ఏరియల్స్ మూడూ ఒప్పుకుని ఉంటే పైన ఏం కదులుతోందో ఎవరికీ తెలిసేది కాదు.

ఇక్కడినుంచి రాయడం నాకు కష్టం.

2019లో నా భార్య పోయింది. పన్నెండు రోజులూ పురోహితుడు గారు కూర్చుని చెప్పాల్సినవి చెప్పారు. ఆత్మకి చావు లేదని, శరీరం విప్పేసిన బట్ట అని. నేను పుట్టినప్పటినుంచీ విన్న మాటలే, నమ్మిన మాటలే. కొన్ని రాత్రులు అవి నిండుగా అందాయి. కొన్ని రాత్రులు ఏమీ అందలేదు, ఒట్టి రొద. నాకు గుర్తొచ్చేది ఆమె చెయ్యి. పచ్చిమిరపకాయలు తరిగిన వాసన పోని వేళ్ళు, ఎడమ మణికట్టు మీద నూనె చింది మిగిలిన మచ్చ. అది బట్ట ఎలా అవుతుంది?

మా వీధి చివర ఒక సైన్సు మాస్టారున్నారు, రిటైరయ్యారు, బాప్టిస్టు సంఘంలో పెద్ద. కాకినాడలో ఆ సంఘానికి నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆయన రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవారు. మతం మాట ఆయనంతట ఆయన ఎత్తలేదు. ఒకరోజు నేనే అడిగాను, మీ నమ్మకంలో పోయినవాళ్ళ సంగతేమిటని. ‘శరీరంతోనే లేస్తారని నమ్ముతామండి శాస్త్రిగారూ. నేల్లో పెట్టేది విత్తనమనుకుంటాం’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. నేను క్రైస్తవుణ్ణి కాలేదు, పొద్దున లేచి సంధ్య వార్చుకున్నాను. కానీ ఆ మచ్చ ఉన్న చెయ్యికి ఒక విలువ ఉందని ఎవరో గట్టిగా అన్నారు, మా వైపు మాట మునిగిపోయిన క్షణంలో ఆ మాట తేలి వచ్చింది. ఇంకో రాత్రి విత్తనం మాట మునిగిపోయింది, బట్ట మాట తేలింది. నెలల తరబడి అలాగే నడిచింది.

రెండూ ఒకటే చెబుతున్నాయి కదా అన్నారు మా బంధువులు, మంచి మనసుతోనే. ఒకటి కాదు. ఒకరు శరీరం వదిలెయ్యాల్సిందంటారు, ఇంకొకరు లేచి రావాల్సిందంటారు. ఇంతకంటే ఎదురుబొదురు మాటలుంటాయా? సర్వమత సభల్లో నేనూ మాట్లాడాను, శాలువాలు కప్పించుకున్నాను. అన్నిటినీ వేదిక మీదే టీ-కనెక్టరులో కలిపేసి, అందరూ ఒకటే అన్నారని ఇంటికొచ్చాం. అక్కడ మాస్టారి విత్తనమూ నిలవలేదు, మా పురోహితుడి బట్టా నిలవలేదు. ఒకదాని ఎత్తు మీద ఒకదాని పల్లం పడి, చప్పగా ఒక మంచిమాట మిగిలింది. దుఃఖంలో ఉన్నవాడికి అది దేనికీ ఆసరా కాదు. నాకు ఆసరా అయింది ఆ రెంటినీ చెరో చెవిలో, పూర్తిగా, దేని యాసలో దాన్ని విన్నప్పుడు.

అయితే నాన్నగారు ఉండి ఉంటే వదిలేవారు కారు. ‘రెండు చెవుల్లోనూ ఒకే స్టేషను వస్తోందని నీకెలా తెలుసురా?’ అని అడిగేవారు. రేడియోలో నాకు తెలుసు. రెండు సెట్లూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పెట్టింది నేనే. ఈమధ్య వచ్చిన ఎలెక్రాఫ్ట్ లాంటి సెట్లలో అయితే రెండు రిసీవర్లనీ ఒకే ఆసిలేటరుకి కట్టేస్తారు, ఒకటి జారితే రెండోదీ జారుతుంది, తేడా రావడానికి వీల్లేదు. మోర్సులో అయితే చెయ్యి చెబుతుంది. పాతికేళ్ళు ఒక మనిషి కీ కొట్టడం విన్నవాడు, కాల్‌సైన్ వినకుండానే డాష్ సాగదీసే తీరుని బట్టి ఫలానా ఆయన అని చెప్పగలడు. దేవుడి విషయంలో నా దగ్గర అలాంటి ఆసిలేటరు లేదు. చెయ్యి మాత్రం గుర్తుపట్టినట్టే అనిపిస్తుంది. పురోహితుడు గారి గొంతు తగ్గిన చోట, మాస్టారి మాట ఆగిన చోట, అదే సాగదీత, అదే జాలి. నిజంగా అనిపిస్తుంది. అలా అనిపించిన ప్రతిసారీ పాలెం గుర్తొస్తుంది. విన్నదెంత, తలుచుకున్నదెంత? ఆ చోటు తెలుసు. అడగడానికి మైకు ఎక్కడుందో తెలియదు. ప్రార్థనే ఆ మైకు అని మాస్టారంటారు. నేనూ నొక్కి ఉంచుతాను, రోజుకి మూడు సంధ్యలు. అక్కడినుంచి ‘నైనర్’ అని నిదానంగా రెండుసార్లు వచ్చిందని మాత్రం ఇంకా చెప్పలేను.

నాకిప్పుడు డెబ్భై అయిదు. మూడేళ్ళ కిందట ఎడమ చెవి మొరాయించింది. ముందు పోయినవి హల్లులు. తర్వాత గొంతులే పోయాయి. రెండు రిసీవర్లు, రెండు ఏరియల్స్ అలాగే ఉన్నాయి, తల ఒక్కటే సగమైంది. కొన్నాళ్ళు ఎడమ సెట్టు కట్టేసే ఉంచాను. దాని డయల్ మీద దుమ్ము చూసి మాస్టారే ఒకరోజు అడిగారు, ఆ డిప్ప నేను పెట్టుకోవచ్చా అని. అప్పటినుంచి ఆదివారం సాయంత్రాలు ఇద్దరం బల్ల ముందు కుర్చీలు దగ్గరికి జరుపుకుని కూర్చుంటున్నాం. హెడ్‌ఫోన్ విడదీసి తీగలు పొడిగించాను. తూర్పు పడమర తీగ ఆయన చెవికి, ఉత్తర దక్షిణం నా చెవికి. ఇద్దరికీ చెరో కాగితం, చెరో పెన్సిలు. మధ్యలో మాట్లాడుకోకూడదని నియమం పెట్టుకున్నాం, ఒకరి కాగితం ఒకరు చూడకూడదని కూడా.

మొన్న ఆదివారం మా హ్యామ్‌లం అత్యవసర కబుర్లు అందుకోవడం సాధన చేస్తున్నాం. అవతలివాళ్ళు ఊళ్ళ పేర్లు, పక్కన కావలసిన సరుకులు చదివారు. పన్నెండు వరసలు. అయ్యాక కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కో వరసా ఆనించి చూసుకుంటూ వచ్చాం. ఎనిమిదో వరస దగ్గర నా కాగితం మీద ఒక ఊరి పేరు పూర్తిగా, ఇంత స్పష్టంగా రాసి ఉంది. మాస్టారి కాగితం మీద అదే చోట ఒక చిన్న ఖాళీ, దాని తర్వాత ‘వరం’ అని రెండక్షరాలు.

ఆయన నా వైపు చూశారు. నేను మైకు అందుకున్నాను.